అరవై సెకన్ల టేపు

వాక్‌మన్ మూత తెరిచేసరికి టేపంతా లోపలి రోలర్‌కి చుట్టుకుపోయి ఉంది.

మెకానిక్ చేయి గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న బ్యాంకు ఆఫీసరు మెడ చాచి చూశాడు.

"తినేసిందా?"

"తినేసింది."

"దీని బుద్ధే అంతండీ. రబ్బరు జిగురెక్కిందని నేను ముందే చెప్పాల్సింది. ఇంతకీ ఏం పాటలు?"

"పాటలు కాదు. టెస్టు టేపు."

ఇంటి ముందు గదే మెకానిక్ షాపు. మూడు గోడలకీ అరలు. అరల్లో నూట నాలుగు పాత వాక్‌మన్లు. ఎక్కడెక్కడో మూలపడి ఉన్నవాటిని ఏరి తెచ్చి, ఒక్కొక్కటే బాగు చేసి పెట్టుకున్నాడు. అతని చేతిలో పడితే ఎంత మొండి మోటారైనా దారికొస్తుందని ఎవరో చెబితే, తనూ వాక్‌మన్లు పోగేసే ఆఫీసరు ఈ వాక్‌మన్ పట్టుకుని మొదటిసారి ఇవాళే వచ్చాడు.

మోటారు వేగం సరిచేయడానికి మెకానిక్‌కి ఒక పద్ధతుంది. ఆ టేపులో మొదట వచ్చే 'హలో' నుంచి చివర్లో వచ్చే నవ్వు దాకా సరిగ్గా అరవై సెకన్లు. వాచీ చూస్తూ వింటాడు. యాభై ఎనిమిదికే నవ్వు వచ్చిందంటే మోటారు పరిగెడుతోందన్నమాట. దాని వెనక ఉన్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతాడు. మళ్లీ వింటాడు.

ఆ హలో, ఆ నవ్వు అతని భార్యవి. పెళ్లయిన రెండో ఏడు, రికార్డింగు ఉన్న వాక్‌మన్ కొనుక్కొచ్చి "ఏదో ఒకటి మాట్లాడు" అన్నాడు. ఆమె ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. ఉప్పు అయిపోయిందట. పక్కింటావిడ పట్టుకెళ్లిన గిన్నె మూడు వారాలైనా తిరిగి రాలేదట. కుళాయి కారుతోందట. ఈ ఇంట్లో ఇప్పుడు ఆ గొంతు ఆ టేపులో తప్ప వినపడదు.

మెకానిక్ పట్టకారు తీసుకుని టేపుని ఒక్కో చుట్టే విప్పాడు. మొహంలో ఏమీ లేదు.

"కాపీ ఉందిగా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు."

"అదేంటండీ! ఇన్ని మిషన్లు పెట్టుకుని ఒక్క కాపీ తీసుకోలేదా?"

"కాపీ తీస్తే, తీసిన మిషన్ తేడా కూడా అందులోకొచ్చేస్తుంది. అరవై అరవైగా ఉండదు."

ఆఫీసరు తల పట్టుకున్నాడు. "నాకే పిచ్చి అనుకున్నా. మీది బాగా ముదిరింది."

విప్పిన టేపులో ఒకచోట జానెడు మేర నలిగి, చిరుగులు పడింది. ఆ ముక్క ఇక పనికిరాదు. మెకానిక్ బ్లేడు వెతుక్కున్నాడు.

"ఎంత పోతుంది?"

"మా ఆవిడ మాటల్లో నాలుగు సెకన్లు."

"అంతేనా! మా ఆవిడైతే రెండు వైపులూ నిండిపోయినా ఆపదు. నిజం చెప్పొద్దూ, నేను వీటి వెంట పడిందే అందుకండీ. చెవులకి తగిలించుకుంటే ఆవిడ మాట వినపడదు."

ఆఫీసరు పెద్దగా నవ్వాడు. మెకానిక్ తలెత్తలేదు.

"అలా అనకండి. మాట్లాడనివ్వండి ఆవిణ్ణి."

ఆఫీసరు నవ్వు సగంలో ఆగింది. కాసేపు అరల వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"పోనీ, మేడంగారి చేత ఇంకోసారి..."

"అది కుదరదు."

"అయ్యో! తెలియక అన్నానండీ. ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు."

"ఉన్నట్టుండేనా?"

"ఆ. భోజనాల దగ్గర."

ఆఫీసరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

మెకానిక్ నలిగిన ముక్కని కోసి పక్కన పెట్టాడు. రెండు కొసలూ కలిపి, అతుకు వేసి, బొటనవేలి గోరుతో రుద్దాడు. క్యాసెట్ బిగించి అరలోంచి ఇంకో వాక్‌మన్ తీశాడు. ఇయర్‌ఫోన్ ఒకటి తను పెట్టుకుని రెండోది ఆఫీసరుకిచ్చాడు.

హలో. ఉప్పు. గిన్నె. కుళాయి. వెంటనే నవ్వు.

వాచీలో యాభై ఆరు.

"మధ్యలో ఏం పోయింది?" ఆఫీసరు మెల్లగా అడిగాడు.

"'ఏమండీ, వింటున్నారా?' అని ఉండేది."

ఆఫీసరు జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నాడు. "మరి ఇకమీదట మోటార్లు ఎలా సరిచేస్తారు?"

"యాభై ఆరుకి."

క్యాసెట్ మీది కాగితంపై అరవై కొట్టేసి, దాని పక్కన యాభై ఆరు అని రాశాడు మెకానిక్. తన వాక్‌మన్‌కి తొందరేం లేదని చెప్పి, పరామర్శకి వచ్చినవాడిలా చప్పుడు కాకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు ఆఫీసరు.

మధ్యాహ్నం ఒంటిగంటయింది. మెకానిక్ షాపు తలుపు దగ్గరగా వేసి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి వెళ్లే తలుపు తీశాడు.

"ఇక నోరు ముయ్యి" అని పదకొండేళ్ల కిందట అతనన్న మాటని ఇవాళ్టికీ జవదాటని భార్య, అతని కంచంలో అన్నం వడ్డించి పక్కకి తప్పుకుంది.