తీగ మీద లంగోటీలు

హన్మకొండలో పై వాటాలో అద్దెకున్న స్రవంతిని ఇంటి ఓనరు శకుంతలమ్మ రోజూ గదమాయించేది.

"పిల్లగాని లంగోటీలు బకెట్ల మూతపెట్టి ఉంచకు. వాసన కిందిదాక వస్తాంది. ఎప్పటియి అప్పుడే జాడించి ఎండకు ఆరెయ్యి."

ఊరికెళ్లి వారం తర్వాత తిరిగొచ్చిన శకుంతలమ్మ మెట్లెక్కింది. వాసనే లేదు. తీగ మీద లంగోటీలు తెల్లగా ఆరుతున్నాయి.

"శభాష్ బిడ్డా! చెప్పినట్టే చేసినవు."

స్రవంతి ఆమెకేసి చూసింది.

"బాబుకు జ్వరమొచ్చింది పెద్దమ్మా. దవాఖానకు తీస్కపోయినం. దక్కలేదు."

శకుంతలమ్మ కళ్లు తీగ వైపు తిరిగాయి.

"మాసినయి ఒక్కటి లేవు. అయినా రోజూ అవే ఉతుకుతాన్న. చేతులు ఊకుంటలేవు పెద్దమ్మా."

మర్నాడు పొద్దున శకుంతలమ్మ పైకొచ్చి, స్రవంతి పక్కన కూర్చుని, ఉతికిన లంగోటీలనే ఒక్కొక్కటిగా జాడించింది.