తొడుగు తీసిన చెయ్యి

విమానం ఎక్కే వరుసలోంచి ఆ ముసలాయన పక్కకు తప్పుకున్నాడు.

చేతి తొడుగు లాగి పారేసి, ఉత్త అరచేతిని ఆ చిన్న విమానం రెక్కకు ఆనించాడు. అలాగే ఉంచేశాడు.

"రెక్కకి జ్వరమొచ్చిందేమో చూస్తున్నాడురోయ్!" అన్నారెవరో. వరుసంతా నవ్వింది.

ఎయిర్‌హోస్టెస్‌కు ఒళ్లు మండింది. ఆ విమానాశ్రయానికి ఆమె కొత్త. అసలే ఆలస్యం, పైగా ఎముకలు కొరికే చలి.

"పెద్దాయనా, ఏంటా పని? చెయ్యి తియ్యండి!"

"మంచు పేరుకుందమ్మా."

"ఎక్కడండీ? అద్దంలా మెరిసిపోతుంటేనూ!"

"ఆ మెరుపే మంచు. కంటికి ఆనదు. దీంతో ఎగిరితే రెక్క బరువు మొయ్యదు, కూలిపోతారు. మందు కొట్టించి కరిగించండమ్మా. నీకు దణ్ణం పెడతాను."

కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మంచు పడటం ఎప్పుడో ఆగింది. ఇప్పుడు మందంటే ఇంకో గంట. ఆయన్ని పంపించెయ్, అమ్మాయ్."

కాపలావాడు వచ్చి జబ్బ పట్టుకున్నాడు. "మళ్లీ వచ్చావా తాతా?"

లాగితే చెయ్యి రాలేదు. గట్టిగా గుంజితే వచ్చింది.

ముసలాయన అరవలేదు. "ఒక్కసారి తాకి చూడమ్మా... తాకి చూడు," అంటూనే వెళ్లిపోయాడు.

అందరూ ఎక్కి కూర్చున్నారు. ఒక పసిబిడ్డ ఆపకుండా ఏడుస్తోంది.

తలుపు వెయ్యబోతూ ఆమె ఎందుకో రెక్క వైపు చూసింది.

దాని మీద ఎర్రగా అరచేతి అచ్చు ఉంది. చర్మం అంటుకుపోయి ఉంది.

ఆమె గబగబా మెట్లు దిగి, ఆ అచ్చు పక్కనే గోటితో గీకింది. గాజు పెంకులాంటి మంచు ముక్క ఊడి చేతిలోకొచ్చింది.

అది చూసిన కెప్టెన్ వెంటనే మందు బండికి కబురు పెట్టాడు.

మందు బండి వచ్చింది. రెక్కలు తడిసి పొగలు కక్కుతుండగా ఆమె టికెట్ కౌంటర్‌కు పరుగెత్తింది.

"ఇందాకటి పెద్దాయన ఏరీ? కాళ్లమీద పడాలి నేను!"

"వెళ్లిపోయాడండీ."

"ఏ విమానానికి వస్తారు మళ్లీ?"

"ఆయన ఏ విమానమూ ఎక్కడు. మంచు పడినప్పుడల్లా టికెట్ కొంటాడు. రెక్క తడిమి ఇంటికి పోతాడు."

"ఎవరండీ ఆయన? దేవుడిలా వచ్చి..."

కౌంటర్ మనిషి గొంతు తగ్గించాడు.

"చాలా ఏళ్ల కిందట ఈ రన్‌వే చివరే ఓ విమానం కూలింది, ఒక్కరూ మిగల్లేదు. ఆ రోజు తనిఖీ డ్యూటీలో ఉండి, దాని రెక్కను తొడుగు తియ్యకుండానే తడిమి, 'మంచు లేదు, వెళ్లండి' అన్నది ఆయనే."