కొత్త పంపు

"ఆగండి! అగ్గిపుల్ల గీసేరు!"

"నేనెందుకు గీస్తానే? ఇది కారు, పొయ్యి కాదు" అన్నాడు భర్త, కారు లోపల్నుంచి.

షెడ్డులో ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. వెనక సీటు పైకి లేపి, దాని కిందున్న పెట్రోలు పంపు మార్చే పని పెట్టుకున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. కార్ల సంగతి ఆయనకేం తెలుసని ఆవిడ భయం. అందుకే గుమ్మంలో కాపలా నిలబడింది. ఒక పక్క ఇసుక బకెట్టు, ఇంకో పక్క నీళ్ళ బకెట్టు, భుజం మీద తడిపిన దుప్పటి. చేతిలో కళ్ళజోడు పెట్టె.

అసలు సంగతి ఆ పెట్టెలోనే ఉంది. గోరంత ఫ్యూజు, నీలం రంగుది. శుక్రవారం సాయంత్రం ఎవరూ చూడకుండా స్టీరింగు కింది మూత తీసి, దాన్ని పీకింది ఆవిడే. అది లేకపోతే పంపుకి కరెంటు అందదు. పంపు తిరక్కపోతే కారు కదలదు. కారు కదలకపోతే కూతురు కదలదు.

కూతురికి ఎక్కడో కొండల్లో పశువుల డాక్టరుగా మొదటి ఉద్యోగం. రేపు సోమవారం వెళ్ళి చేరకపోతే ఇంకొకరిని పిలుచుకుంటారు. ఆ ఊరికి బస్సు లేదు. అంతా ఘాట్ రోడ్డు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడ కళ్ళు మూస్తే మలుపులే. మలుపు మలుపుకీ ఒక లారీ. ఫ్యూజు పీకిన రాత్రి మాత్రం ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఆ కిటుకు నేర్పింది ఆయనే. పోయినేడు దొంగల భయంతో ఆవిడ మాటిమాటికీ లేచి షెడ్డు తాళం లాగి చూస్తుంటే, "ఇదిగో, దీన్ని పీకి దిండు కింద పెట్టుకుని పడుకో. దొంగ కాదు కదా, దొంగ తాతొచ్చినా బండి కదల్చలేడు" అన్నాడు. అదంతా ఇప్పుడాయనకి గుర్తున్నట్టు లేదు. నిన్న కారు స్టార్టు కాకపోతే లోపలంతా తడిమి, తల గోక్కుని, "పంపు పోయింది" అని తేల్చేశాడు. బజారుకెళ్ళి కొత్తది పట్టుకొచ్చాడు. పాపం, పిచ్చిమారాజు అనుకుంది ఆవిడ.

"పెట్రోలు వాసనే రావట్లేదేంటండీ?"

"వస్తే వచ్చిందని గోల, రాకపోతే రాలేదని గోల. జాగ్రత్తగా చేస్తున్నా కదా."

"పేలిపోతేనో?"

"పేలితే ముందు పోయేది నేనే. నువ్వు ఆ దుప్పటి కప్పుకుని తీరిగ్గా ఏడుద్దువుగాని."

"ఛీ, అవేం మాటలండీ! పోనీ మానేయకూడదూ?"

లోపల ఠంగు ఠంగుమనే చప్పుడు ఆగింది. "మానేయమంటావా?"

ఆవిడ కళ్ళజోడు పెట్టె కొంగు చాటుకి లాక్కుంది.

"అయితే ఇంకాస్త టైము పడుతుంది. నాకేం తొందర్లేదు" అన్నాడు. చప్పుడు మళ్ళీ మొదలైంది.

కూతురు తొంగిచూసింది. "అయిందా నాన్నా? చీకటి పడేలోగా కొండెక్కాలి."

"సామాను సర్దుకున్నావా?"

"ఎప్పుడో."

"అయితే ఇంకోసారి సర్దుకో."

చివరికి ఆయన బయటికొచ్చి ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కారు మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మూలిగింది, అంతే. కూతురు కాసేపు చూసి లోపలికెళ్ళిపోయింది.

ఆవిడ వెనకే వెళ్ళింది.

మంచం మీద బ్యాగు తెరిచి, ఒక్కొక్కటే బయట పెడుతోంది పిల్ల. ఒక టార్చి. అది ఆరిపోతే ఇంకో టార్చి. తాడు. కొవ్వొత్తులు. దారి తప్పితే ఊదమని ఇచ్చిన ఈల. ఒక్కొక్కటి ఇచ్చినప్పుడల్లా, "నేనేమైనా యుద్ధానికెళ్తున్నానా అమ్మా?" అని పడీపడీ నవ్వింది. అయినా ఒక్కటీ వదలకుండా సర్దుకుంది. బట్టలకే చోటు చాల్లేదు.

"పోన్లే అమ్మా. ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తా. నీకూ కంగారు తప్పుతుంది" అంది ఈల పక్కన పెడుతూ. గొంతు మామూలుగానే ఉంది. ఆవిడ తట్టుకోలేకపోయింది దానికే.

"ఆ ఈల లోపల పెట్టు."

"ఎందుకూ?"

"పెట్టమన్నానా!"

గబగబా షెడ్డులోకొచ్చింది. "ఏవండీ, మీరెళ్ళి చేతులు కడుక్కోండి. ముందు సీటంతా దుమ్ము, తుడుస్తాను."

"సబ్బుతో కడుక్కోనా?"

"రెండుసార్లు కడుక్కోండి!"

ఆయన బుద్ధిగా వెళ్ళాడు. చాలాసేపే కడుక్కున్నాడు. తిరిగొచ్చి తాళం తిప్పగానే కారు గుర్రుమంది. కూతురు పరుగెత్తుకొచ్చి వాళ్ళ నాన్న మెడ కావలించుకుంది.

"కొత్త పంపు అదిరింది నాన్నా!"

"మరేమనుకున్నావ్? ఉత్త మొండిది. తనకి మనసైతేనే తిరుగుతుంది."

ఆవిడ కారు కిటికీ వదల్లేదు. "మలుపుల్లో హారన్ కొట్టు. చేరగానే ఫోన్ చెయ్యి. మధ్యలో కూడా చెయ్యి. నడుపుతూ మాత్రం చెయ్యకు!"

కారు వీధి మలుపు తిరిగింది. ఆవిడ కళ్ళ ముందు ఇంకా ఆ మలుపులే, ఆ లారీలే. కానీ మనసులో ఓ మూల ఎక్కడో చిన్న గర్వం. ఇంత పని చేసి, మళ్ళీ తనే సరిచేసి, ఎవరికీ దొరకలేదు కదా!

కళ్ళు తుడుచుకుని, ఇసుక బకెట్టు ఎత్తి పాత టైర్ల వెనక పెట్టబోతే, అక్కడ కొత్త పంపు అట్టపెట్టె అంటించిన టేపు అంటించినట్టే ఉంది, దాని మీద దుకాణంవాళ్ళ బుల్లి కవర్లో కొత్త నీలం ఫ్యూజు ఒకటి.