యిర్మీయా అరవయ్యో అధ్యాయం

“ఆగు బిడ్డా. ఆ మాట మళ్ళ చదువు” అంది మంగమ్మ.

సంగీత బైబిలును మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.

“అరణ్యమును కాయుటకు పోవు స్త్రీని ఆమె ఇంటివారు ఆపకూడదు. ఆమె అడుగులను నేనే కాపాడుదును.”

“ఏ పుస్తకంల ఉన్నది?”

“యిర్మీయాలో అత్తమ్మా.”

“ఎన్నో అధ్యాయం?”

“అరవయ్యోది.”

మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. భుజాలు సన్నగా కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందనుకుని సంగీత పుస్తకం మూసేసింది. ఆ మాట ఆ పేజీలో లేదు. అసలు ఏ పేజీలోనూ లేదు. ఇందాక పాలు కాస్తూ తనే అల్లుకుంది.

సంగీత వేంసూరు నుంచి టేకులపల్లి దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చి నాలుగు నెలలైంది. పుట్టింట్లో బైబిలు లేదు. వచ్చిన కొత్తలో అత్తతో నాలుగు ముక్కలు కూడా మాట్లాడేది కాదు. వారం చూసి, ఒక పొద్దున మంగమ్మ ఆమె చేతిలో బైబిలు పెట్టింది. “ఒక అధ్యాయం చదువు బిడ్డా, నేను వింట” అంది. అప్పటి నుంచి రోజూ అంతే. కరెంటు బిల్లొచ్చినా, పెళ్ళికార్డొచ్చినా “ఏమున్నదో చూడు” అని కోడలికే ఇచ్చేది.

పొద్దున విన్న మాట పొద్దుగూకేలోగా చేసి తీరాలి. అదీ మంగమ్మ పద్ధతి. ఒకసారి పక్కచేను రామ్‌సింగ్ మేకలు ఆమె మిరపనారంతా మేసేశాయి. కట్టె పట్టుకుని బయల్దేరబోతుంటే, పగవాడు ఆకలిగొంటే అన్నం పెట్టమని ఆనాటి అధ్యాయంలో వచ్చింది. కట్టె గోడకు ఆనించి, పళ్ళు కొరుక్కుంటూ జొన్నరొట్టెలూ కోడికూరా పట్టుకెళ్ళింది. రామ్‌సింగ్ హడలిపోయి, “ముందు నువ్వో ముక్క తినక్కా” అన్నాడట. మర్నాడు తన నారు తెచ్చి తనే నాటిపోయాడు.

అలాంటి అత్త, సంగీతకు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందంటే మాత్రం ససేమిరా అంది.

“అడవిల ఒక్కదానివి తిరుగుతవా? ఎలుగుబంట్లున్నయ్. వద్దు.”

మూడేళ్ళు చదివి, పరుగు పరీక్షలో కాళ్ళు బొబ్బలెక్కించుకుని తెచ్చుకున్న ఉద్యోగం. చేరడానికి వారమే గడువు. భర్త రవికుమార్ గని డ్యూటీకి పోతూ నవ్వేశాడు.

“మా అమ్మ నా మాట ఇంటదా? వాక్యం చెప్తే ఇంటది.”

ఆ మాటే సంగీత బుర్రలో పురుగులా తొలిచి, చివరికి యిర్మీయాకు అరవయ్యో అధ్యాయం రాయించింది.

“రేపు చెప్త” అంది మంగమ్మ ఆ పూట. మర్నాడు కోడలు లేచేసరికి ఆమె టిఫిన్ డబ్బా కడుగుతోంది.

“పో బిడ్డా. వాక్యమే పొమ్మంటే ఆపనీకి నేనెవర్ని?”

సంగీత ఖాకీ వేసుకుంది. ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు ఏరేవాళ్ళు చెట్ల కింద ఆకులకు నిప్పు పెట్టకుండా చూడాలి, మంట లేస్తే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాలి. సాయంత్రం మసి మొహంతో వస్తే మంగమ్మ వేడినీళ్ళు తోడి, “ఇయ్యాల ఏం చూసినవ్?” అని అడిగి అడిగి చెప్పించుకునేది. సంగీత కబుర్లకు అంతుండేది కాదు. కానీ పొద్దున బైబిలు తెరవాలంటేనే భయం. ఏ పేజీ తీసినా అబద్ధం గురించే ఉన్నట్టనిపించేది.

నెల తిరిగాక చర్చి నుంచి జంపక్క వచ్చింది.

“సంగీతా, మా కోడలు అంగన్‌వాడీ కొలువుకు పోతనంటున్నది. నేను వద్దంటున్న. మీ అత్త నిన్నెట్ల పంపిందే?”

“వాక్యం చూసి పంపింది పెద్దమ్మా.”

“అవ్, గదే చెప్పింది. ఏ వాక్యమంటే నిన్ను అడుగుమన్నది. జర చూపియ్యి.”

సంగీత “రేపొస్తా” అని ఆమెను పంపేసి, తిన్నగా పెరట్లోకి పోయింది. మంగమ్మ మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

“అత్తమ్మా, ఆ మాట బైబిల్లో లేదు. నేనే అల్లిన. మీరు నమ్మి పంపిండ్రు. రేపే ఉద్యోగం మానేస్తా.”

మంగమ్మ చేతులు ఆగలేదు.

“అబద్ధం అబద్ధమే. జంపక్కకు నీ నోటితోనే చెప్పాలె.”

“చెప్తా.”

“ఉద్యోగం ఎందుకు మానుడు? బైబిలు తే. రూతు పుస్తకం, రెండో అధ్యాయం తీయ్.”

సంగీత కళ్ళు తుడుచుకుని తెరిచింది. పరాయి దేశం నుంచి వచ్చిన ఒక కోడలు, కోతకోసిన పొలంలో రాలిన పరిగె ఏరుకోవడానికి పోతానని అత్తను అడుగుతోంది. ఆ అత్త, నా కూతురా, పొమ్మంటోంది. సంగీతకు ఏడుపుతో పాటు నవ్వొచ్చింది.

“నన్ను పంపింది ఈ మాటకా?”

“అవ్. యిర్మీయా మాటకు కాదు. యిర్మీయాకు ఉన్నయే యాభై రెండు అధ్యాయాలు.”

“కానీ ఇది మనం ఇంకా చదవనే లేదు కదత్తమ్మా! నేను గాక మీకు చదివి పెట్టేటోళ్ళు ఎవరున్నరు?”

మంగమ్మ లేచి చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, బైబిలు తన ఒళ్ళోకి లాక్కుంది.

మిగతా అధ్యాయమంతా తనే గడగడా చదివేసింది.