పున్నమ్మ గడ్డిచేను

“ఒట్టి గడ్డేనండీ. గొడ్లు కూడా అంత ఇష్టంగా తినవు” అని కరణం నరసింహారావు గారు ఆఫీసరుతో తేలిగ్గా అనేసరికి, గట్టు మీద నిలబడి వింటున్న పున్నమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఒట్టి గడ్డట! మూడేళ్ళ కిందట ఈ కరణమే లెక్కల్లో ఆమె రెండెకరాలకీ ఎదురుగా ‘బీడు’ అని రాసి కూర్చున్నాడు. ఆ ఒక్క మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. బీళ్ళు చూడటానికి గురజాల నుంచి ఆఫీసరు వస్తున్నాడనీ, దున్నని భూమి దున్నేవాళ్ళకి రాసిచ్చేస్తాడనీ పక్కచేను ఏడుకొండలు నాలుగు రోజులుగా ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ దున్నేవాడు తనేనని వేరే చెప్పాలా? ఎవడి ఏడుపు వాడిది.

నిజానికి అది బీడు కాదు. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేసి జొన్న మోకాలెత్తునే మాడిపోయినప్పుడు, కొండవాలున రాళ్ళ మధ్య పచ్చగా నిలిచింది అండుకొర్ర గడ్డి ఒక్కటే. పిట్టలు తినాల్సిందే గానీ ఆ ఊళ్ళో మనుషులు విత్తి ఎరగరు. పున్నమ్మ కొండెక్కి గింజ గింజా దూసుకొచ్చి, గొర్రు కట్టి విత్తింది. గడ్డి పీకేవాళ్ళని చూశాం గానీ గడ్డి విత్తేదాన్ని ఇప్పుడే చూస్తున్నామని ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఎండెక్కితే ఆ గింజ రాలిపోతుందనీ, మంచుతడి ఆరకముందే కోసుకోవాలనీ మొదటి పంట నేలపాలైతే గానీ ఆమెకి తెలియలేదు. మొగుడు గురవయ్య మాచర్ల దగ్గర రాతిగనిలో బండలు కొట్టుకుంటుంటే, ఇద్దరు పిల్లల్నీ ముసలి అత్తనీ ఆ గింజల మీదే నెట్టుకొచ్చింది. యుద్ధం అయిపోయినా లెవీ అయిపోలేదు. పోయినేడు ఇంటి తిండికి మించి కనబడ్డ జొన్నలన్నీ లెవీ కింద సర్కారు వాళ్ళు ఎత్తుకుపోతే ఊరంతా గంజికి మొహం వాచింది. నవ్విన ఊళ్ళో సంగటి ఉడికింది పున్నమ్మ ఇంట్లోనే.

ఇప్పుడు చుట్టూ చేలన్నీ ఎండి ఉంటే అదొక్కటే పచ్చగా కనబడి ఆఫీసరు ఆగాడు. వెనక రెండు ఖాళీ బండ్లు కూడా ఆగాయి.

పున్నమ్మ గట్టు దిగి ఎదురెళ్ళింది. కరణం దగ్గాడు. కళ్ళు పెద్దవి చేశాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆడదానికి ఏం పని, ఇంటికి పొమ్మన్నాడు.

“ఎందుకు పోవాల కరణం గారూ? నా చేను నోరులేనిది గాబట్టి నేను మాట్టాడతన్నా. దొరా, ఇది బీడు గాదు. గొర్రు సాళ్ళు చూడండి. బీట్లో గడ్డి సాళ్ళల్లో మొలుస్తదా?”

ఆఫీసరు మర్యాదస్తుడు. కరణాన్ని చేత్తో ఆపి, ఏం పండుతుందమ్మా ఇందులో అని నెమ్మదిగా అడిగాడు. ఆ మెత్తని మాటకి పున్నమ్మ కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కింది. వాన లేకపోయినా పండుతుందంది. దంచితే బియ్యంలా వస్తుందంది. ఎన్ని బస్తాలవుతాయని అడిగితే, కరణం అడ్డొచ్చి, అది పిచ్చిదండీ, నాలుగు దోసిళ్ళు కూడా రాలవన్నాడు. పిచ్చిదన్న మాటతో పున్నమ్మకి ఇక వెనకా ముందూ కనబడలేదు.

“రాండి దొరా, మా ఇంటికి రాండి. కళ్ళతోనే చూద్దురు గాని.”

దారి పొడుగునా కరణాన్ని కడిగిపారేసింది. ఏడుకొండలు ఇంట్లో ఎన్ని విందులు మేశారో చెప్పమంది. ఆయన గబగబా ముందు నడిచి, దొడ్లో గింజల పాతర మూసిన నాపరాయి మీదికెక్కి నిలబడ్డాడు. ఎండెక్కింది, పక్కూరికి పోవాలి, పదండని ఆఫీసరుని తొందరపెట్టాడు.

“దిగండి” అంది పున్నమ్మ.

“నా మాట వినవే.”

“మీ రాత వల్లే నా చేను బీడయింది. దిగకపోతే లాగేస్తా. పెద్దరికం దక్కదు.”

కరణం దిగాడు. మొహం పాలిపోయింది. దొంగ దొరికిపోతే ఇట్లాగే ఉంటదనుకుంది పున్నమ్మ. గడ్డపారతో మట్టి పెళ్ళగించి రాయి జరిపింది. లోపలి చెడుగాలి పోయిందాకా ఎవరూ వంగొద్దంది. తొందరేం లేదమ్మా అన్నాడు ఆఫీసరు. అంత మంచి దొరని ఆమె జన్మలో చూడలేదు.

గాలి పోయాక అందరూ వంగి చూశారు. పాతర నోటిదాకా గింజలు.

“రెండేళ్ళు కూచుని తిన్నా తరగవు దొరా” అంది, కరణం వంక కసిగా చూస్తూ.

ఆఫీసరు తలూపి, జేబులోంచి పెన్సిలు తీసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పున్నమ్మకి మూడేళ్ళ మంట ఒక్కసారిగా చల్లారినట్టయింది. కొంగుతో మొహం తుడుచుకుని కరణం వైపు తిరిగింది.

“ఇప్పుడు గొట్టెయ్యండి ఆ బీడు మాట. ఈ దొర కళ్ళముందరే గొట్టెయ్యండి.”

కరణం పాతర అంచున కూలబడి, తల పట్టుకుని, ఆమెకి మాత్రమే వినబడేట్టు అన్నాడు.

“బీళ్ళు చూసే ఆఫీసరు ఎల్లుండొస్తాడే పున్నమ్మా, ఈయన లెవీ ఆయన.”