బోర్డు మీద లేని చీమలు

మన్మథరావు మాస్టారు ఏదో ఒకనాడు మా గుమ్మం ముందు చెయ్యి చాచాలని పద్నాలుగేళ్లు ప్రార్థించాను. నిన్న వచ్చారు.

చేతిలో రేషన్‌కార్డు, దాని మీద అగ్గిపెట్టెంత ఫొటో. "మా ఆవిడ మొకం ఇందులో తప్ప ఎక్కడా లేదమ్మా. నర్సీపట్నంలో ఏ స్టూడియోవాడూ పెద్దది సెయ్యలేనన్నాడు. ఆదివారం పెద్దకర్మ. మీ జెన్నీ సేత బొమ్మ గీయించాల."

ఏడో తరగతిలో ఆయన బోర్డు మీద మామిడిపండు వేసి, చూసి గియ్యమంటే, మా చెల్లి జెన్నీ తన పండు మీద చీమలు కూడా గీసింది. బోర్డు మీద లేని చీమలెందుకని ఆయన బెత్తంతో కొడితే దాని చూపుడువేలు విరిగింది. బడి మానేసి, ఆ వంకర వేలితోనే బొమ్మలు నేర్చుకుంది.

"మీ ఆవిడ బోర్డు మీద లేదు కదండీ మాస్టారూ. బోర్డు మీద లేనిది మా పిల్ల గియ్యదండీ," అన్నాను. మనసులో దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆయన తల దించుకున్నారు. "తప్పేనమ్మా. కానీ జెన్నీని బడిలో సేర్చిన రోజు, 'కళ్లు రెండూ వదిలేసి సర్మం ఒలిసెయ్యండి మాస్టారూ' అన్నది మీరే కదా?"

లోపల జెన్నీ కుంచెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

వచ్చి, ఆయన చేతిలోని కార్డు అందుకుంది. "లోనికి రండి మాస్టారూ."

సొంత అక్కనైన నాకేసి తిరిగి, "నువ్వు బయటుండప్పా," అంది. తలుపు వేసుకుంది.