వద్దు కాగితం

ఆపరేషన్ థియేటర్ బయట తెల్లబోర్డు మీద మొదటి టేబుల్‌కి ఎదురుగా పెద్ద డాక్టరుగారి పేరు లేదు. తుడిచేశారు. అదీ సరిగ్గా తుడవలేదు, ఆఖరి అక్షరం తోక మిగిలిపోయింది. దాని పక్కనే శిష్యుడి పేరు, తడి ఆరకుండా.

పెద్ద డాక్టరు తిన్నగా చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్ళారు. శిష్యుడు మోచేతుల దాకా నురగతో నిలబడి ఉన్నాడు. గురువుగారిని చూడగానే కడిగిన చేతినే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, నా టేబుల్ ఎప్పట్నుంచి నీదైంది?"

"ఈ ఒక్క కేసే సార్. తర్వాతవి రెండూ మీవే."

"అవి రెండూ ఎవరైనా చేస్తారు. ఈ నలభై ఒకటో నంబరు కేసు నాది. మొన్న మీటింగులో ఎప్పట్లాగే పేరు లేకుండా నంబరుతోనే, ఎడమ రొమ్ములో గడ్డ, మూడు సెంటీమీటర్లు అని నువ్వు చదివి వినిపిస్తే, రొమ్ము మొత్తం తియ్యక్కర్లేదు, గడ్డ వరకు తీస్తే చాలు అన్నది ఎవరు?"

"మీరే సార్."

"ఎక్కడ గాటు పెట్టాలో బొమ్మ గీసి చూపించింది?"

"మీరే సార్."

"నీ చేతికి మొట్టమొదట కత్తి ఇచ్చింది?"

"మీరే సార్."

"వెన్నుపోటుకి పనికొస్తుందని మాత్రం చెప్పినట్టు గుర్తులేదే!"

శిష్యుడు చేతులకి మళ్ళీ సబ్బు పట్టించాడు. మత్తు డాక్టరు అటుగా వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏదో మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే ఆయనకి గౌను తొడిగే పెద్ద నర్సు, ఇవాళ ఒక ఫైలును గుండెలకి హత్తుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది. అంటే సంగతి అందరికీ తెలుసు. తెలియనిది ఆయన ఒక్కడికే.

"సిస్టరమ్మా, నువ్వైనా చెప్పు. ఎవరు తుడిచారు?"

"నేనే డాక్టర్‌గారూ."

"నువ్వా!"

ఈ ఆసుపత్రిలో క్యాన్సరు వార్డు తెరిచిన కొత్తలో, అంటువ్యాధేమోనని జనం ఆ వరండాలో నడవడానికే భయపడేవారు. అప్పుడు ఆయన వెంట నిలబడ్డ మొదటి మనిషి ఆవిడే.

"పేషెంటు వద్దు కాగితం రాసింది డాక్టర్‌గారూ," అందామె, గొంతు తగ్గించి.

వద్దు కాగితం ఆయన తెచ్చిందే. కత్తి ఎవరి చేతిలో ఉండాలో చెప్పే హక్కు గాటు పడే ఒంటిది అని కమిటీతో రెండేళ్ళు పోట్లాడి తెచ్చారు. ఏ పేషెంటైనా ఫలానా డాక్టరు నాకొద్దు అని రాసివ్వొచ్చు. రాసింది ఎవరో ఆ డాక్టరుకి చెప్పకూడదు. ఇన్నేళ్ళలో ఆ కాగితం చాలామంది మీద వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన, "మరేం పర్లేదోయ్, మనసుకి తీసుకోకు," అని వాళ్ళ భుజం తట్టారు.

ఇప్పుడు తట్టడానికి ఎవరూ ముందుకి రాలేదు.

"కారణం రాసిందా?"

శిష్యుడు నర్సు వంక చూశాడు. నర్సు నేల వంక చూసింది.

"అడుగుతున్నది మిమ్మల్నే. కారణం చెప్పకూడదని రూల్లో లేదు. రాసినవాణ్ణి నేను."

"ఆయన చేతులు వణుకుతాయి... అని రాసింది సార్."

పెద్ద డాక్టరు మొహంలో రక్తం జివ్వుమంది. రెండు చేతులూ శిష్యుడి ముక్కుకింద చాచారు.

"వణుకుతున్నాయా? చూడు! కళ్ళజోడు పెట్టుకుని చూడు!"

అరవై ఎనిమిదేళ్ళ చేతులు. గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి.

"లేదు సార్. అస్సలు లేదు."

"మరి? ఎవరు ఎక్కించారు ఆ మనిషికి ఈ మాట? నా టేబుల్ మీద కన్నేసినవాడెవడో చెవిలో ఊదకపోతే, ముక్కూ మొహం తెలియని మనిషికి నా చేతుల సంగతి ఎలా తెలుస్తుంది?"

"నేను ఊదలేదు సార్. ఒట్టు."

"అయితే ఎవరు?"

"మెల్లిగా డాక్టర్‌గారూ," నర్సు బతిమాలింది. "ఆవిడ లోపలే ఉంది. ఇంకా మత్తివ్వలేదు. మాటలన్నీ వినబడతాయి."

"వినబడనీ! నాకు కావలసిందీ అదే!" ఆయన తలుపు వైపు తిరిగి గొంతు పెంచారు. "ఏ మహాతల్లివోగానీ అమ్మా, నీకు నేనేం అన్యాయం చేశాను? నా చేతుల్ని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా నువ్వు?"

తలుపు అవతల ఎవరో దగ్గారు. చిన్న దగ్గు.

"ఫైలివ్వు."

"రూలు డాక్టర్‌గారూ..."

"రూలు పెట్టిందీ నేనే, తప్పేదీ నేనే. రేపు కమిటీ ముందు నిలబడతాను. ఇవ్వు!"

ఆవిడ ఇవ్వలేదు. ఆయనే లాక్కున్నారు. శిష్యుడు నురగ చేతులతో అడ్డం రాబోయి, సబ్బు మరకలు పడతాయని కాబోలు, ఆగిపోయాడు. లేదా ఇక ఆపి లాభం లేదనుకున్నాడో.

వద్దు కాగితం అన్నిటికన్నా పైనే ఉంది. "ఆయన చేతులు వణుకుతాయి. నా చేత్తోనే రాశాను, ఎవరూ చెప్పలేదు. కోత అయిపోయేవరకూ ఆయనకి తెలియనివ్వకండి," అని ఉంది.

కాగితం మొత్తం మీద ఆయన పేరు రెండు చోట్ల ఉంది. మొదటిది "వద్దనుకునే డాక్టరు" అన్న గడిలో. రెండోది "భర్త పేరు" అన్న గడిలో.